రెండు శ్రుతి నుంచి రెండున్నరకు

జాజ్ అంటే నాకు చాలాకాలం పాటు పెద్ద హోటళ్ళ లిఫ్టుల్లోనూ కాఫీ దుకాణాల్లోనూ, ఎవరూ పట్టించుకోకపోయినా తన మానాన తాను మోగుతూ ఉండే శబ్దమే. కూర్చుని వినాలని రెండు మూడుసార్లు ప్రయత్నించకపోలేదు. ప్రతిసారీ జరిగింది ఒక్కటే. మొదట ఒక చక్కటి ట్యూను వినిపిస్తుంది, బాగుందనుకునేలోగా అది మాయమవుతుంది, ఆపైన ఆరేడు నిమిషాల పాటు ఒకరి తరువాత ఒకరు ఇష్టం వచ్చినట్టు వాయించుకుంటూ పోతారు, చివర్లో ఆ ట్యూను ఎక్కడి నుంచో తిరిగివచ్చి పాట ముగుస్తుంది. నడుమ ఏం జరిగిందో నాకు బోధపడేది కాదు. మా అమ్మ వీధిలో పిల్లలకు సరళీ స్వరాల దగ్గర నుంచి కృతుల దాకా సంగీతం చెప్పేది. నాకు గొంతు పలకలేదు గానీ, ఆ గదిలో ఒక మూల కూర్చుని లెక్కలు చేసుకున్న పుణ్యానికి చేతికి తాళం అబ్బింది. అటువంటి ఇంట్లో పెరిగిన చెవులకు ఈ సంగీతం ఎందుకు అందదన్న పట్టుదల కొంత, మా అక్క కొడుకు ముందు తలవంచుకోవలసి వచ్చిన సిగ్గు కొంత కలిసి ఎనిమిది నెలల క్రితం నన్ను ఈ పనిలోకి దించాయి.

వాడికి పదహారేళ్ళు. న్యూజెర్సీలో చదువుకుంటున్నాడు. బడిలోని జాజ్ బ్యాండులో టెనర్ శాక్సఫోన్ వాయిస్తాడు. పోయిన వేసవిలో అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు, నన్ను న్యూయార్క్‌లో నేలమాళిగలో ఉన్న ఒక చిన్న క్లబ్బుకు తీసుకువెళ్ళాడు. ఎదుట పియానో, నిలబెట్టి వాయించే డబుల్ బేస్, డ్రమ్స్, ఒక ట్రంపెట్, అంతే. వాయిద్యం ఊపందుకోగానే నా చేయి అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. కాసేపటికి పక్క బల్లవాళ్ళ చిటికెలు నా దెబ్బలతో కలవడం లేదని గమనించాను. నేను ఒకటి, మూడు అక్షరాల మీద గట్టిగా కొడుతున్నాను, వాళ్ళు రెండు, నాలుగు మీద చిటికె వేస్తున్నారు. లయ తప్పింది వాళ్ళేనని నేను నిబ్బరంగా ఉన్నాను. మావాడు నెమ్మదిగా నా చేతి మీద చేయి వేసి, "మామయ్యా, ఇక్కడ బరువు రెండో దెబ్బ మీద ఉంటుంది" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ మాటను పట్టుకుని ఆలోచిస్తే చాలా సంగతులు విడిపోయాయి. మనకు తాళంలో సమం అన్నింటికంటే బరువైన చోటు, అక్కడికి చేరడం కోసమే మిగిలినదంతా సాగుతుంది. జాజ్ డ్రమ్మర్ మాత్రం నాలుగు అక్షరాల చుట్టు అయిన బార్‌లో రెండు, నాలుగు మీద ఎడమకాలితో హై-హ్యాట్ అనే జంట తాళాలను మూస్తూ ఉంటాడు. కుడిచేత్తో పెద్ద సింబల్ మీద "టింగ్, టింగ్-ట టింగ్, టింగ్-ట" అని ఎడతెగకుండా వాయిస్తాడు. ఆ "టింగ్-ట"లో ఉన్నదే స్వింగ్. ఒక దెబ్బను మూడు భాగాలు చేసి "తకిట" అనుకుంటే, అందులో "త"ను, "ట"ను మాత్రమే పలికి "కి"ని మింగేసినట్టు ఉంటుంది. అట్లాగని అది నిక్కచ్చి తిశ్రమూ కాదు. వేగం పెరిగే కొద్దీ ఆ రెండు భాగాలూ సమానం వైపు జరుగుతాయి, వాయించేవాడి చేతిని బట్టి కూడా మారుతుంటాయి. కాగితం మీద రాయడానికి లొంగనిది కాబట్టి దాన్ని వినే నేర్చుకోవాలి. నేను వారం రోజుల పాటు వేరే ఏదీ వినకుండా ఆ సింబల్‌నే విన్నాను. ఇది ఎవరికైనా చెప్పదగ్గ మొదటి పాఠమని ఇప్పటికీ నా అభిప్రాయం. చరిత్రతో, పేర్లతో మొదలుపెట్టినవాళ్ళు చాలామంది పేర్ల దగ్గరే ఆగిపోవడం చూశాను.

రెండో పాఠం కూడా మావాడిదే. "ట్యూను కోసం వెతకకు మామయ్యా, బేస్ వాయించేవాడిని పట్టుకో, వాడు ఎక్కడుంటే పాట అక్కడుంటుంది" అన్నాడు. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. అంతకుముందు నేను విన్నదంతా ఫోను స్పీకరులో విన్నదే, అందులో డబుల్ బేస్ దాదాపు వినపడదు. మృదంగం, తంబూరా రెండూ తీసేసి కచేరీ విన్నట్టు ఇన్నాళ్ళూ విని, అర్థం కాలేదని వాపోయానన్నమాట. ఒక మోస్తరు ఇయర్‌ఫోన్లు కొనుక్కున్న రోజే ఈ సంగీతంలో సగం నాకు కొత్తగా వినబడింది.

ఇక ఏ పాటతో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు అందరూ చెప్పే సమాధానమే మావాడూ చెప్పాడు, మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ". అందరూ చెప్పేది కాబట్టి అనుమానించాను గానీ, ఆ అనుమానం నిలవలేదు. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, కేవలం రెండు రోజుల్లో న్యూయార్క్‌లోని కొలంబియా కంపెనీ స్టూడియోలో, ముందు సాధన దాదాపు లేకుండా రికార్డు చేసిన ఆల్బమ్ అది. ట్రంపెట్ మీద మైల్స్, శాక్సఫోన్ల మీద జాన్ కోల్ట్రేన్, కేనన్‌బాల్ ఆడర్లీ, పియానో మీద బిల్ ఎవన్స్, బేస్ మీద పాల్ చేంబర్స్, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్. ఒక పాటలో మాత్రం పియానో వింటన్ కెల్లీది. నేను అందులో మొదటి పాట "సో వాట్" ఒక్కదానినే నెల రోజులు విన్నాను.

ఆ పాటలో ట్యూను వాయించేది ట్రంపెట్ కాదు, బేస్. చేంబర్స్ ఒక వాక్యం పలుకుతాడు, దానికి మిగిలినవాళ్ళు రెండే రెండు అక్షరాల జవాబు చెబుతారు, మొదట పియానో ఒక్కటే, తరువాత ట్రంపెట్, శాక్సఫోన్లు కూడా కలిసి. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే పక్కనున్న వంతలు అందుకున్నట్టే ఉంటుంది. "సో వాట్" అంటే "అయితే ఏమిటి" అని కదా, ఆ జవాబు సరిగ్గా ఆ విసురులోనే ఉంటుంది. ఈ పాట నిర్మాణం 32 బార్లు. మొదట ఒక 8 బార్ల భాగం రెండుసార్లు వస్తుంది, మూడోసారి వేరే 8 బార్లు వస్తాయి, చివరికి మొదటిదే మళ్ళీ వస్తుంది. ఆ మూడో భాగాన్ని వాళ్ళు బ్రిడ్జ్ అంటారు, నేను వంతెన అనుకుంటాను. బార్‌కు నాలుగు అక్షరాల చొప్పున లెక్క వేస్తే మొత్తం 128, అంటే ఆదితాళం 16 ఆవర్తనాలు. దీనిని ఒక కోరస్ అంటారు. ఇంచుమించు ఒక నిమిషం పడుతుంది.

ట్యూను అయిపోయాక అది "మాయమైపోయింది" అని నేను ఇన్నేళ్ళూ అనుకున్నది ఈ లెక్క తెలియకనే. ఆ 32 బార్లు ఎక్కడికీ పోవు. సోలో వాయించేవాడు ఎన్ని స్వరాలు విసిరినా వాటి కింద ఆ చట్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక కోరస్ అవగానే ఇంకొకటి మొదలవుతుంది. నెరవల్‌లో సాహిత్యం ఒకే పంక్తి అయి, గాయకుడు దాని చుట్టూ అల్లుకుంటూ పోయినా ఆ పంక్తి తన చోటు వదలనట్టే ఇదీను. ఒకటిన్నర నిమిషం దగ్గర జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్కసారిగా కొట్టిన దెబ్బ చాలాసేపు గాలిలో నిలిచి ఉంటుంది, దాని కిందనుంచి మైల్స్ సోలో బయలుదేరుతుంది. నేను ఆ దెబ్బ దగ్గర తాళం మొదలుపెట్టి, ఎనిమిది ఆవర్తనాలు వేశాక వంతెన వస్తుందా రాదా అని చూసుకునేవాణ్ణి. మొదటి వారం ఒక్కసారి కూడా కలవలేదు.

కలిసింది శ్రుతిపెట్టె వల్ల. ఈ పాట మొదటి భాగంలోని స్వరాలు డి నుంచి మొదలయ్యే డోరియన్ మోడ్ అనే స్వరాల వరుస, అంటే చతుశ్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అచ్చంగా మన ఖరహరప్రియ స్వరాలు, రెండు శ్రుతిలో. "చక్కని రాజమార్గము" విన్న చెవికి ఆ మెట్లు కొత్త కావు. గమకాలు లేవు కాబట్టి రాగం అనలేము, స్వరస్థానాలు మాత్రం అవే. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ శ్రుతిపెట్టె తెచ్చుకుని, రెండు శ్రుతిలో పెట్టి, పక్కనే పాట పెట్టాను. మొదటి 16 బార్లూ తంబూరా ముందు పాడుతున్నంత హాయిగా కలిసిపోయాయి. వంతెన వచ్చేసరికి పెట్టెకూ పాటకూ పొసగక చెవులు గింగిరాలెత్తాయి. 8 బార్ల తరువాత మళ్ళీ ఏమీ జరగనట్టు సర్దుకుంది. అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "వాడు రెండున్నరకు ఎక్కి మళ్ళీ దిగాడురా, నీ పెట్టె ఎక్కలేదు" అంది. అంతే సంగతి. వంతెనలో అవే స్వరాల వరుస మొత్తంగా అర స్వరం పైకి జరుగుతుంది, ఆ తరువాత కిందికి వస్తుంది. మన సంగీతంలో కచేరీ మొదలైనప్పటి నుంచి మంగళం దాకా కదలనిది ఒక్కటుంటే అది ఆధార షడ్జమం. ఇక్కడ పాట నడుమన ఆ నేలే కదులుతోంది. నాకు ఇన్నాళ్ళూ ఈ సంగీతం కాళ్ళ కింద నిలవనట్టు తోచడానికి కారణం బహుశా ఇదే.

దీనికొక కొసరు కథ ఉంది. అంతకుముందు ఒక స్నేహితుడి దగ్గరున్న పాత రికార్డు నుంచి ఎక్కించుకున్న ప్రతితో ఇదే ప్రయత్నం చేస్తే, మొదటి అక్షరం నుంచే శ్రుతి కలవక, పెట్టె పాడయిందనుకున్నాను. తరువాత తెలిసినదేమిటంటే, ఆ మార్చి 2న రికార్డు చేసిన యంత్రం కాస్త నెమ్మదిగా నడవడం వల్ల, ఆల్బమ్ మొదటి వైపున్న మూడు పాటలూ దశాబ్దాల పాటు అసలు శ్రుతికంటే కొద్దిగా ఎక్కువలో వినిపించాయట. 1992లో సరిచేసి విడుదల చేశారు. పెట్టెను అనవసరంగా అనుమానించాను.

వంతెన దొరికాక సోలోలు ఒకదానికొకటి ఎంత వేరో వినబడసాగింది. మైల్స్ రెండు కోరస్‌లలో తక్కువ స్వరాలు వాడతాడు, ఒక మాట చెప్పి ఊరుకుంటాడు, ఆ ఊరుకున్న జాగాలో బేస్ నడుస్తూ వినిపిస్తుంది. ఆ వెంటనే వచ్చే కోల్ట్రేన్‌కు ఖాళీ అంటే సహించదు, తలుపు సందులోంచి చూసిన గది అంతా ఒక్కసారే చెప్పేయాలన్న తొందర. ఆడర్లీ ఆల్టో శాక్సఫోన్ నవ్వుతున్నట్టే ఉంటుంది. ఎవన్స్ పియానో మీద వరుస స్వరాలకంటే పక్కపక్కనే నొక్కిన స్వరాల గుత్తులు ఎక్కువ. నలుగురికీ ఇచ్చిన చట్రం అదే, స్వరాలు అవే. ఒకే రాగాన్ని నలుగురు విద్వాంసులు పాడితే మనం ఏం పోల్చుకుంటామో ఇక్కడా అదే పోల్చుకోవాలి. ఒక్కటి మాత్రం తేడా. ఒకే కచేరీలో, ఒకరి వెంట ఒకరుగా, తొమ్మిదిన్నర నిమిషాల్లోపు ఆ నలుగురినీ వినడం మనకు దొరకదు.

ఈ చట్రం పట్టుబడితే మిగిలిన కొన్ని సులువుగానే వస్తాయి. బ్లూస్ 12 బార్లు, అంటే ఆరు ఆవర్తనాలు. అదే ఆల్బమ్‌లోని "ఫ్రెడ్డీ ఫ్రీలోడర్" దీనికి మంచి ఉదాహరణ. 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసిన "వెస్ట్ ఎండ్ బ్లూస్" కూడా బ్లూసే. ఆ రోజుల్లో ఒక రికార్డు వైపున మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. ఆ కొంచెం చోటులోనే, తాళం లేకుండా ఒంటరిగా ట్రంపెట్ మీద అతడు మొదలుపెట్టిన ఆ ఎత్తుగడను నేను ఎవరికైనా ఆలాపన అనే పరిచయం చేస్తాను. డేవ్ బ్రూబెక్ బృందం "టేక్ ఫైవ్" మనవాళ్ళకు మరీ దగ్గర. పాల్ డెస్మండ్ రాసిన ఆ పాట ఐదు అక్షరాలది. ఖండచాపు 2, 3గా విరుగుతుంది, ఇది 3, 2గా విరుగుతుంది. కాబట్టి చాపు వేస్తూ వింటే మొదట్లో కాలు మడతపడుతుంది. జో మొరెల్లో డ్రమ్స్ సోలో అంతటా బ్రూబెక్ పియానో మీద ఒకే చిన్న పదాన్ని వదలకుండా తిప్పుతుంటాడు. తని ఆవర్తనంలో చేత్తో తాళం పట్టుకుని కూర్చున్న గాయకుడు గుర్తుకు రాకమానడు.

పోలికలు అక్కడి దాకానే నడిచాయి. ఫ్రెంచి పాట నుంచి వచ్చిన "ఆటమ్ లీవ్స్" దగ్గర నా శ్రుతిపెట్టె, నా మేళకర్తలు రెండూ చేతులెత్తేశాయి. 1958లో ఆడర్లీ పేరున వచ్చిన "సమ్‌థింగ్ ఎల్స్" ఆల్బమ్‌లో మైల్స్ ట్రంపెట్ మూతికి శబ్దాన్ని అణిచే మ్యూట్ బిగించి ఆ ట్యూను వాయిస్తాడు. అందులో కింద పియానో పట్టే స్వరసమూహం, అంటే కార్డ్, బార్ బార్‌కూ మారిపోతూ ఉంటుంది. ఒకసారి మేజర్ ఇంటికి చేరుస్తుంది, కుదురుకునేలోగా అక్కడి నుంచి లేపి మైనర్ ఇంటికి తీసుకుపోతుంది. ట్రంపెట్ పట్టుకున్న స్వరం కదలకపోయినా కింద కార్డ్ మారగానే దాని అర్థం మారిపోతుంది. అదే పంచమం ఒక క్షణం విశ్రాంతిగానూ, మరుక్షణం దారి తప్పినట్టుగానూ వినిపించడం నాకు అలవాటులేని అనుభవం. దీనికి మన దగ్గర పోలిక వెతుక్కోవడం మానేశాకే కాస్త వినబడటం మొదలైంది. రాగంతో పోల్చి లోపలికి అడుగు పెట్టవచ్చు గానీ, గుమ్మం దాటాక కూడా దానినే పట్టుకుని కూర్చుంటే హార్మనీ, అంటే ఈ కార్డుల నడక, చెవిన పడదు.

ఇక్కడ పనికివచ్చిన కిటుకు ఒకటుంది. ముందు ట్యూనును కంఠతా పట్టాలి, సోలో నడుస్తున్నంతసేపూ దానిని లోలోపల పాడుకుంటూ ఉండాలి. అప్పుడు వాయించేవాడు ట్యూనుకు ఎక్కడ దగ్గరగా వచ్చాడో, ఎక్కడ దాన్ని తాకకుండా దాటిపోయాడో మనకే తెలుస్తుంది. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1960 ఫిబ్రవరిలో బెర్లిన్ సభలో "మాక్ ద నైఫ్" పాడుతూ నడుమన మాటలు మరిచిపోయింది. ఆగలేదు. మరిచిపోయానన్న సంగతినే చరణంగా కట్టి, ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును కూడా అనుకరించి, పాటను దరి చేర్చింది. మాటలు పోయినా ఆమెలోపల చట్రం పోలేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తరువాత నేను ఎక్కువగా విన్నది 1961 జూన్ 25న విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో రికార్డు చేసిన బిల్ ఎవన్స్ త్రయాన్ని. బేస్ వాయించే స్కాట్ లఫారో పక్కవాద్యంగా ఉండిపోడు, పియానో మాటకు ఎదురుమాట చెబుతాడు. పాల్ మోషియన్ డ్రమ్స్ తాళం వేయడం మాని ఆ ఇద్దరి మాటలూ వింటున్నట్టుంటాయి. వెనక గ్లాసులు తగులుకున్న చప్పుడు, ఎవరో మాట్లాడుకుంటున్న గుసగుసలు స్పష్టంగా వినిపిస్తాయి. ఆ బల్లల దగ్గరున్నవాళ్ళలో కొందరు అసలు వినలేదని తెలుస్తూనే ఉంటుంది. రెండు వారాలు తిరగకముందే కారు ప్రమాదంలో లఫారో చనిపోయాడు. ఇరవై ఐదేళ్ళు. ఆ గ్లాసుల చప్పుడును నేను ఇప్పుడు వినకుండా ఉండలేను.

ఫ్యూజన్‌తో మొదలుపెడితే తేలిక కదా అని కొందరు అడిగారు. మొదట నేనూ అదే చేశాను. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ రిమెంబర్ శక్తి బృందంలో కలిసి వాయించినవి విన్నాను, పరవశించాను. కానీ ఆ పరవశం శ్రీనివాస్ వేళ్ళ దగ్గర, అంటే నాకు ముందే తెలిసిన చోటనే ఆగింది. ఒడ్డున కూర్చుని కాళ్ళు తడుపుకుంటే ఈత రాదు. ఇక నాకు ఇంకా లొంగనివీ ఉన్నాయి. కోల్ట్రేన్ "జయంట్ స్టెప్స్"లో కార్డులు మారే వేగానికి నా లెక్క ఇప్పటికీ తప్పుతుంది. ఆర్నెట్ కోల్మన్ రెండు బృందాలను ఒకేసారి వాయింపజేసి, 1961లో విడుదల చేసిన "ఫ్రీ జాజ్"ను ఇరవై నిమిషాలకు మించి వినలేకపోయాను. తప్పు నాదేనని చాలామంది అంటారు, కావచ్చు.

పోయిన నెలలో మావాడి బడిలో కచేరీ జరిగింది. అక్క వీడియో పంపింది. బ్యాండ్ వాయించిన వాటిలో "సో వాట్" ఉంది, అందులో మావాడికి రెండు కోరస్‌ల సోలో. నేను తొడ మీద తాళం వేసుకుంటూ చూశాను. మొదటి కోరస్ బాగానే వెళ్ళింది. ఈ పాటలో ఒక ఉచ్చు ఉంది. కోరస్ చివరి భాగమూ, తరువాతి కోరస్ మొదటి రెండు భాగాలూ ఒకటే కాబట్టి, ఒక వంతెనకూ ఇంకొక వంతెనకూ నడుమ వరుసగా 24 బార్లు, పన్నెండు ఆవర్తనాలు, నేల కదలదు. మావాడు ఎనిమిదో ఆవర్తనం దాటగానే రెండున్నరకు ఎక్కేశాడు. బేస్ వాయించే అమ్మాయి ఎక్కలేదు. రెండు బార్ల పాటు ఇద్దరూ చెరొక నేల మీద ఉన్నారు. ఆమె తల తిప్పకుండానే రెండు శ్రుతి షడ్జమాన్ని మామూలుకంటే గట్టిగా, వరుసగా నాలుగు దెబ్బలు మీటింది. వాడు పట్టుకున్న స్వరాన్ని అర మెట్టు కిందికి జార్చి, అదేదో ముందే అనుకున్నదన్నట్టు అక్కడి నుంచి కొనసాగించాడు. జనం చప్పట్లు కొట్టారు.

రాత్రి ఫోను చేసి ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. కొంచెం ఆగి, ఆ బేస్ అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పావా అని అడిగాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం.

"మామయ్యా, అది నీకు వినపడిందా?" అన్నాడు.